ఛాసిస్ నంబరు మీద బొట్టు

మొన్న కొత్త లారీ కాగితాలు దాచుదామని బీరువా పై అర సర్దుతుంటే నాన్న పాత ఫైలు జారి కింద పడింది. అందులోంచి వేలెడు వెడల్పున్న కాగితం ముక్క ఒకటి బయటికి వచ్చింది. దాని మీద పెన్సిలు రుద్దిన నల్లటి మసి, ఆ మసిలో తెల్లగా తేలిన అంకెలు, ఒక మూల ఇంకా వదలని పసుపు మరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చింది పాత కాగితం వాసనే. నాకు మాత్రం గ్రీజు, చింతపండు, ఐసులో పేర్చిన చేపలు, అన్నీ ఒక్కసారి గుప్పుమన్నాయి.

తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందు నాన్న లారీ ఆగితే అరుగు మీద వెలుతురు సగం తగ్గిపోయేది. ఉండి దగ్గర ఉన్న కాస్త పొలమూ అమ్మి కొన్న బండి అది. వానాకాలం కొల్లేరు పొంగి రోడ్డు అంచులు తడుపుతున్న రోజుల్లో ఆకివీడు వైపు నుంచి వచ్చే ఆ బండి చక్రాలకు గుర్రపుడెక్క తీగలు చుట్టుకుని ఉండేవి, వాటి ఊదారంగు పూలు కోసి నేను జడలో తురుముకుంటే చేపల కంపు అని అమ్మ తీసి పారేసేది. ఉల్లిపాయల లోడు వేసిన వారమంతా మా బడి పుస్తకాలు కూడా ఉల్లి వాసన కొట్టేవి. ఆ బండికి ఉన్న పర్మిట్ మన రాష్ట్రం వరకే. ఇచ్ఛాపురం దగ్గర మా చేపలు వేరే లారీ ఎక్కి హౌరా వెళ్ళిపోయేవి, మా బండి వెనక్కి తిరిగేది. చెక్‌పోస్టు కర్రకు అవతల రోడ్డు ఎలా ఉంటుందని అడిగితే, "ఇలాగే ఉంటుందే, తారు రోడ్డే" అనేవారు నాన్న. నేను నమ్మేదాన్ని కాదు.

ఆ ఏడు దసరా వెళ్ళగానే ఆకివీడు చేపల వ్యాపారి ఒకాయన ఇంటికొచ్చి, "దీపావళికల్లా నేషనల్ పర్మిట్ తెచ్చుకోండి, హౌరా లోడ్లు మీకే ఇస్తాను. లేదంటే వేరే బండి చూసుకుంటానండి" అని చెప్పి వెళ్ళాడు. ఇది తప్పితే బండి అమ్మేసి మళ్ళీ ఒకరి దగ్గర డ్రైవరుగా చేరడమేనని నాన్న అమ్మతో అనడం నేను విన్నాను. ఆ పూట మిగిలిన గారెలు ఎవరూ ముట్టుకోలేదు.

దరఖాస్తు ముందు పెట్టుకుని అందరం చాప మీద చేరాం. మన రాష్ట్రం కాక కనీసం మరో మూడు రాష్ట్రాల పేర్లు రాయాలట. ఒక పేరు కాగితం మీద రాస్తే చాలు, మా గుమ్మం ముందు నిలబడే బండి నిజంగా అక్కడికి వెళ్ళిపోవచ్చన్న సంగతి వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. నాన్న ఒరిస్సా రాశారు, బెంగాల్ రాశారు, తిరుగు లోడు దొరుకుతుందని బీహార్ రాశారు.

"కాశీ ఎందులో ఉందిరా?" అంది మామ్మ, అంటే నాన్నకు అమ్మ.

"ఉత్తరప్రదేశ్‌లోనమ్మా. అటు మనకి లోడ్లేం ఉంటాయి?"

"ఊరికే అడిగానులే" అంది మామ్మ.

దరఖాస్తుతో పాటు ఛాసిస్ నంబరు అచ్చు కావాలి. ముందు చక్రం దగ్గర ఇనుప కమ్మీ మీద కొట్టిన అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాలి. రూపాయి బిళ్ళల అచ్చులు తీయడంలో నన్ను మించినవాళ్ళు లేరు కాబట్టి ఆ పని నాకే ఇచ్చారు. తీశాను. మధ్యలో రెండంకెలు మసిలో మసిగా ఉండిపోయాయి. నాన్న అదే పట్టుకుని ఏలూరు రవాణా ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రానికి అన్ని కాగితాలతోనూ తిరిగొచ్చారు. నంబరు పూర్తిగా కనబడందే సంతకం పెట్టడం కుదరదండీ అని బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మర్యాదగానే చెప్పారట. దీపావళి ఇంకా ఎన్నాళ్ళో లేదు.

నాన్న చక్రం పక్కన కూలబడి చూస్తే సంగతి బోధపడింది. ప్రతి శుక్రవారం, ప్రతి దసరాకీ మామ్మ బండికి బొట్టు పెట్టేది. అద్దానికీ బంపరుకూ కాదు, సరిగ్గా ఆ అంకెల మీద. మనిషికి నుదుటి రాత ఎక్కడుందో బొట్టు అక్కడ పెడతాం, బండికి రాసింది ఇక్కడే కదా అని ఆవిడ లెక్క. ఏళ్ళ తరబడి పసుపూ కుంకుమా గ్రీజుతో కలిసి అంకెల్లో రాయిలా బిగుసుకుపోయాయి. నాన్న స్క్రూడ్రైవరు తీసుకున్నారు గానీ చెయ్యి ఆడక కింద పెట్టేశారు. పెట్టిన బొట్టు గోకడమంటే మాటలా? అమ్మ అసలు దగ్గరికే రాలేదు.

"నేను పెట్టింది నేనే తీస్తాను. చింతపండూ కొబ్బరి పీచూ పట్రావే" అంది మామ్మ.

పీట వేసుకుని కూర్చుని, ఇత్తడి బిందె తోమినట్టు నిదానంగా తోమింది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి ఏం చెప్పుకుందో వినబడలేదు. పసుపు నీళ్ళు కారి మట్టిలో ఇంకుతుంటే అడుగు నుంచి ఇనుము, ఇనుములోంచి ఒక్కో అంకె పైకి వచ్చింది. అంత గొప్ప దృశ్యం నేను అప్పటికి చూడలేదు. చివరికి అంకెలకు జానెడు పక్కన కొత్త బొట్టు పెట్టి, "దాని రాత దానికి కనబడనీ" అని లేచింది. నేను రెండు అచ్చులు తీశాను. ఒకటి ఏలూరు వెళ్ళింది. రెండోది ఇదే.

దీపావళి ముందు రోజు నాన్న పర్మిట్ తెచ్చారు. గుమ్మంలోనే నిలబడి చదివారు. ఒరిస్సా, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్.

"బీహార్ కదండీ రాశారు?" అంది అమ్మ.

"దరఖాస్తు మళ్ళీ రాయాల్సొచ్చింది కదా" అని నాన్న కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. మామ్మ ఆ కాగితం కళ్ళకద్దుకుని, ఆ మూడో పేరు నా చేత మళ్ళీ చదివించుకుంది.

నేషనల్ పర్మిట్ బండికి ఎండుటాకు రంగు ఉండాలన్నది అప్పటి నియమం. ఆ రంగు వేసుకుని మా లారీ ఏళ్ళ పాటు హౌరా తిరిగింది. కాశీ వైపు ఒక్క లోడూ దొరకలేదు. రైల్లో పంపిస్తానని నాన్న ఎన్నిసార్లు అన్నా, "తొందరేముందిరా, పర్మిట్ ఉంది కదా" అనేది మామ్మ. ఆవిడ పోయాక ఆ బండి, మధ్యలో బీహార్ దాటడానికి తాత్కాలిక పర్మిట్ తీసుకుని, మొదటిసారి, ఆఖరిసారి ఉత్తరప్రదేశ్ వెళ్ళింది. వెనక లోడు లేదు. ముందు సీట్లో నాన్న పక్కన తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండ ఒక్కటే ఉంది.

ఇప్పుడు లారీలు ఎవరికి నచ్చిన రంగులో వాళ్ళవి. మొన్న కొత్త బండికి పర్మిట్ దరఖాస్తు నేనే ఫోనులో పెట్టాను, టీ చల్లారేలోపు అయిపోయింది. దేశమంతటికీ ఒకటే పర్మిట్. అయినా రాష్ట్రాల పేర్లు రాసే చోటు కోసం కిందిదాకా వెతికాను. ఎక్కడా లేదు.