మజ్జిగ మిరపకాయల పక్కన రెండు బ్యాటరీలు

నేను పనిచేసే సోలార్ ప్లాంటు స్టోరు గదిలో, తలుపు పక్కన, ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. పనికిరాని బ్యాటరీలన్నీ అందులో వేస్తాం. వేసే ముందు ఒక్కో బ్యాటరీకి ఒక కాగితం నింపాలి. ఆ కాగితం తయారుచేసింది నేనే కాబట్టి దాన్ని తిట్టుకునే హక్కు నాకు లేదు. గడులు ఐదు: రకం, ఓల్టేజీ, ఎక్కడిది, ఎందుకు పారేస్తున్నాం, ఎన్నాళ్లు పనిచేసింది. పోయిన వారం మా చిన్నమామ పాత డ్రిల్లు బ్యాటరీని ఊరి నుంచి తెచ్చాను. చెత్తకుప్పలో వేస్తే ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుందని నా భయం. నాలుగు గడులు నింపి ఐదోదాని దగ్గర ఆగాను. ఎందుకో బ్యాటరీని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మజ్జిగ మిరపకాయల వాసన. స్టోరు కీపరు చూసి తన లెక్కల పుస్తకం వైపు తిరిగాడు. నన్ను చాలాకాలంగా ఎరిగినవాడు.

మా అవ్వ ఊరు సోలార్ పార్కు ఉన్న తిరుమణికి దగ్గరే. అవ్వ ఇంటి మిద్దె ఎక్కితే చాలు, ఒకప్పుడు చెనక్కాయ పండిన నేలంతా ఇప్పుడు సోలార్ పలకలతో నల్లగా మెరుస్తూ కనపడుతుంది, ఎవరో ఆకాశాన్ని తెచ్చి ఆరబెట్టినట్టు. నేను డిప్లొమా పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలంలో పెద్దమామ ఊరి చివర కొత్త ఇల్లు కట్టాడు. తలుపులు చేసిన పట్నం వడ్రంగి వాటిని బిగించకుండానే ఇంకో పనికి వెళ్లిపోయాడు. గృహప్రవేశం మూడు రోజుల్లో ఉంది. ఊళ్లో ఉన్న వడ్రంగి మా చిన్నమామ ఒక్కడే. చిక్కేమిటంటే అన్నదమ్ములు ఇద్దరికీ మాటల్లేవు.

కారణం వేపచెట్టు. చేను ప్లాంటుకు లీజుకు ఇచ్చినప్పుడు, ఆ మూలనున్న వేపచెట్టు కింద పని చేసుకునే చిన్నమామ, చెట్టును వదిలిపెడితేనే సంతకం పెడతానని ఎనిమిది నెలలు కూర్చున్నాడు. చుట్టుపక్కల వాళ్ల కాగితాలన్నీ అయిపోయినా మా వాళ్లది ఆగింది. చివరికి పెట్టాడు. చెట్టు పోయింది, చెట్టుతో పాటు మాటలూ పోయాయి. ఇప్పుడు అవ్వ పట్టుబట్టి పెద్దమామ చేత తమ్ముడికి కబురు పంపించింది. నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. “ఈ తలుపు వాని చేత్తో ఎక్కకపోతే, ఇంగ నేను పోయినా వీళ్లు చెరో పక్కన నిలబడి ఏడుస్తారు నాయనా.” అప్పటినుంచి ఆ తలుపు నా బాధ్యత అనుకున్నాను.

వాళ్ల సంభాషణ ఎలా ఉండేదో చెప్పాలి. ఇద్దరూ ఒకే గదిలో, నాలుగు అడుగుల దూరంలో ఉంటారు. పెద్దమామ నావైపు చూసి, “మీ మామను టీ తాగుతాడేమో అడుగు” అంటాడు. చిన్నమామ కూడా నావైపే చూసి, “తాగినా అని మీ మామకు చెప్పు” అంటాడు. ఇద్దరూ నాకు మామలే కదా. మొదటి రోజు మధ్యాహ్నానికి ఏ మామకు ఏ మామ ఏం చెప్పాడో నేనే కలగాపులగం చేసి, కిటికీకి పెట్టాల్సిన గడియను స్నానాల గదికి పెట్టించాను.

అసలు సమస్య కరెంటు. కొత్త ఇంటికి మీటరు ఇంకా రాలేదు, అర్జీ పట్నంలో ఉంది. గడపలో నిలబడితే ఎదురుగా కనుచూపు మేర కరెంటు పుట్టే పలకలు, ఇంట్లో ఒక్క బల్బు వెలగదు. కాబట్టి చిన్నమామ బ్యాటరీ డ్రిల్లు తెచ్చాడు. దానికి రెండు బ్యాటరీలు. రెండూ ఛార్జరులో పెట్టగానే ఎర్రలైటు టపటపా కొట్టుకుని వద్దంటాయి. ఒకటి నేను చూస్తానని తీసుకునేలోపే అవ్వ రెండింటినీ మిద్దె మీదకు తీసుకెళ్లింది.

వెళ్లి చూస్తే పాత చీర పరిచి, మజ్జిగలో ఊరిన మిరపకాయలు ఆరబెట్టి, వాటి పక్కనే రెండు బ్యాటరీలు వరుసగా పెట్టి ఉంది. కాకి రాకుండా చేతిలో కర్ర. ఏందవ్వా ఇది అన్నాను.

“ఆడ చేన్లో అన్ని పలకలు పరిచినారే, వాటికి ఎవురైనా అన్నం పెడతాండారా? ఎండకే కదప్పా కరెంటు వస్తాండేది. దీనికి మాత్రం ఏం రోగం?”

నేను చదువుకున్న చదువంతా కూడదీసుకున్నాను. పలక వండేది, బ్యాటరీ దాచిపెట్టే కుండ, ఎండలో పెడితే కుండకేం రాదు, పైగా వేడికి చెడిపోతుంది అని చెప్పాను. అవ్వ ఒక మిరపకాయ తిప్పి, ఒక బ్యాటరీ తిప్పి, “కుండను గూడా ఎండలో పెట్టే కదా ఆరబెట్టేది” అంది. సాయంత్రం చల్లగాలి తగలకుండా అవే చేతులతో లోపలికి తెచ్చింది. చిన్నమామ ఒకదాన్ని డ్రిల్లుకు తగిలిస్తే అది గిర్రున తిరిగి ఆగింది. లెక్కపెట్టాను, నాలుగు చుట్లు. అలసిన బ్యాటరీకి కాస్త విశ్రాంతి దొరికితే ఆ మాత్రం తిరగడం మామూలే అని నేను వివరించేలోపు, అవ్వ వీధిలో ముగ్గురికి చెప్పేసింది.

రెండో రోజు బ్యాటరీలను అవ్వ చేతుల్లోంచి విడిపించి విప్పాను. ఒక్కోదానిలో ఐదు సెల్లులు, వేలి పొడవున, ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఓల్టుమీటరు పెట్టి చూసి తలుపు బందుల అట్టపెట్టె మీద రాసుకున్నాను. మొదటిదానిలో నాలుగు బాగున్నాయి, ఒకటి చచ్చింది. రెండోదానిలో మూడు బాగున్నాయి, రెండు చచ్చాయి. రెండోదాని నుంచి ఒక మంచి సెల్లు తీసి మొదటిదానికి వేస్తే ఒక బ్యాటరీ బతుకుతుంది. ఐదింటిలో ఒక్కటి పడుకున్నా ఛార్జరు మిగతా నాలుగింటినీ నమ్మదని అవ్వకు చెప్పాను. అవ్వ వెంటనే అందుకుంది.

“మన లీజు కాగితం మాదిరే కదప్పా. ఒగడు సంతకం పెట్టకుంటే ఇంట్లో అందరిదీ నిలబడిపోయె.”

చిన్నమామ ఉలి పదునుపెడుతూ ఉన్నాడు. ఉలి ఆగింది. “ఆ చచ్చిన సెల్లు యాడ పారేస్తావు, నాకియ్యి” అని తీసుకుని జేబులో వేసుకున్నాడు. అవ్వ మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

సెల్లు మార్చి, అవ్వ ఇంట్లో టంకం పెట్టాను. ఛార్జరు పచ్చలైటు వేసింది. అదే అట్ట మీద లెక్క వేశాను. గదుల తలుపులు రెండింటికి ముప్పై ఆరు స్క్రూలు, వాకిలి తలుపుకు ముప్పై రెండు, మొత్తం అరవై ఎనిమిది. ఈ బ్యాటరీ తొంభై వేస్తుంది. సులభమైనవి ముందు, కష్టమైంది చివర. ఇద్దరు మామలకూ విడివిడిగా చదివి వినిపించాను. పెద్దమామ మాత్రం సందేహంగా చూసి, వాకిలి తలుపు ఎక్కకపోతే పట్నం నుంచి ఇంకొకరిని పిలిపిస్తానని మా మామకు చెప్పమన్నాడు. చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం గదుల తలుపులు చకచకా ఎక్కాయి. వాకిలి తలుపు రెక్కకు బందులు పదహారు స్క్రూలతో పడ్డాయి. ప్రతి స్క్రూకూ అట్ట మీద గీత గీస్తున్నాను. తలుపు ఎత్తి ద్వారబంధానికి ఆనించి, చిన్నమామ భుజంతో నెట్టిపట్టుకుని ఒక స్క్రూ వేశాడు, రెండోది, మూడోది. డ్రిల్లు మూలిగింది. బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. డ్రిల్లు ఆగిపోయింది, ఆ బ్యాటరీ మళ్లీ లేవలేదు. యాభై ఐదు గీతలు. నా లెక్క అంతా మెత్తని చెక్కకు వేసింది, ద్వారబంధం తుమ్మ. ఆ సంగతి చిన్నమామకు తెలుసు, నేను అడగలేదు. టంకం పెట్టేటప్పుడు సెల్లును ఎంత కాల్చానో అదీ నేను అట్ట మీద రాయలేదు.

తలుపు మూడు స్క్రూల మీద వేలాడుతోంది. వదిలితే ఊడుతుంది. నేను కింద పట్టుకుని ఎత్తబోయాను, కదల్లేదు. పెద్దమామ వరండాలో తువ్వాలుతో విసురుకుంటూ నిలబడి ఉన్నాడు. చిన్నమామ మొహమంతా చెమట. అలవాటు కొద్దీ, “మీ మామకు చెప్పు...” అని మొదలుపెట్టాడు నాతో. తలుపు ఒక అంగుళం జారింది.

“అన్నా, కింద ఎత్తు.”

పెద్దమామ తువ్వాలు కింద వేసి వచ్చాడు. పంచె ఎగగట్టి కూర్చుని తలుపు అడుగున చేతులు పెట్టాడు.

“ఇంతనా?”

“ఇంగొంచెం.”

“ఇప్పుడో?”

“చాలు. అట్లే ఉండు.”

నేను సంచిలోంచి చేతి స్క్రూడ్రైవరు తీసిచ్చాను. మిగిలినవి పదమూడు. తుమ్మ చెక్కలోకి ఒక్కో స్క్రూ దిగడానికి ఎంతసేపు పట్టేదంటే, మధ్యలో మాట్లాడుకోకుండా ఉండటం కష్టం. ఆరో స్క్రూ దగ్గర ఎవరి చోట వాళ్లే చేతులు మార్చుకున్నారు. తొమ్మిదో స్క్రూ దగ్గర పెద్దమామ తల ఎత్తకుండానే, “ఆ వేపమాను కొట్టించింది నేను కాదురా. పలకల మీద నీడ పడతాదని ప్లాంటోళ్లే కొట్టినారు” అన్నాడు. చిన్నమామ స్క్రూ తిప్పుతూనే, “తెలుసన్నా” అన్నాడు. స్క్రూ తల చెక్కకు ఆనాక, “కాగితం ఎనిమిది నెలలు నేనే గదా నిలబెట్టింది” అన్నాడు. నేను గీతలు గీయడం మరిచిపోయాను. ఆ అట్ట మీద చివరి నాలుగు స్క్రూలకు లెక్క లేదు.

పొద్దు వాలేటప్పుడు అవ్వ వచ్చి తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసింది. “చూసినావా, ఎండలో పెట్టినందుకే” అంది నాతో. ఇద్దరు మామలూ నావైపు చూశారు. నేను తలూపాను. మరునాడు ఆవు ముందు, మేము వెనక, ఆ వాకిట్లోంచే లోపలికి వెళ్లాం. భోజనాల్లో వేయించిన మజ్జిగ మిరపకాయలు వడ్డించారు.

స్టోరు గదిలో ఐదో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఎన్నాళ్లు పనిచేసింది అన్న దగ్గర నెలలు రాయాలి, ఆ నిబంధన కూడా నాదే. నా దగ్గర ఉన్న కాలం మాత్రం నెలల్లో లేదు. యాభై ఐదు స్క్రూలు అని రాసి, డ్రమ్ము మూత తీశాను. మిగిలిన పదమూడు దేని ఖాతాలోకి వస్తాయో ఇప్పటికీ తేలలేదు, ఆ తలుపు మాత్రం ఇంతవరకూ జారలేదు.