చెప్పి వెళ్ళమన్న టీచరమ్మ

పోయిన బుధవారం పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్నాను. రెండిళ్ళ అవతలి క్వార్టరు నుంచి టీచరమ్మగారి అబ్బాయి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మ లేదు," అన్నాడు. ఎక్కడికెళ్ళారని అడగబోయాను, బుద్ధిలేనిదాన్ని. అతని మొహం చూశాక అర్థమైంది. నిద్రలోనే పోయారట. ఎనభై రెండేళ్ళు. పక్కింటికి కరివేపాకు కోసం వెళ్ళినా ఇంట్లో చెప్పి వెళ్ళే మనిషి, ఆ ఒక్కసారికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు.

ఆవిడ ఈ రైల్వే ఊళ్ళోనే, టీచర్లు కాబోయేవాళ్ళకి పిల్లల మనస్తత్వం గురించి పాఠాలు చెప్పేవారు. క్లాసులో మన తెలుగువాళ్ళూ బెంగాలీలూ ఒడియావాళ్ళూ ఉండేవాళ్ళు కాబట్టి ఒకే మాటని మూడు భాషల్లో చెప్పి, చివర్న "ఠీక్ హై?" అనడం ఆవిడకి అలవాటైపోయింది. రిటైరయ్యాక మా కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కొడుకు క్వార్టరుకొచ్చారు. ఇక్కడా అదే "ఠీక్ హై?" కూరగాయలవాడికి కూడా.

చంటిపిల్ల కనబడితే చాలు, ఆగిపోయేవారు. ఊళ్ళోని ఇందా అనే పేట బజారులో ఆటో ఎక్కబోతూ, ఎవరో బెంగాలీ తల్లి భుజం మీద పిల్లాణ్ణి చూసి ఆటో వదిలేసుకున్న రోజులున్నాయి. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, వాడు తల్లిని ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూస్తున్నాడో గమనిస్తూ ఉండేవారు. ఆ తల్లులేమో దిష్టి కొడుతుందని కొంగు కప్పేసేవాళ్ళు. "సూడనీండమ్మా, నా కళ్ళకి అంత బలం నేదు," అని నవ్వేవారు.

నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. ఆవిడ నాకు చెప్పింది ఒక్కటే పాఠం, అదీ మా వంటింట్లో పీట మీద కూర్చుని.

మా అమ్మాయికి ఏడో నెలలో మా ఆయన పోయారు. ఆయన ఉద్యోగం బదులు నాకు వర్క్‌షాపు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. చేరేటప్పటికి పిల్లకి పది నెలలు. ఇంటి దగ్గర మా అత్త చూసుకునేది. పిల్ల ఏడవకుండా డ్యూటీకి వెళ్ళే ఉపాయం మా క్వార్టర్ల లైనులో తరతరాలుగా ఉన్నదే. పొద్దున్న వర్క్‌షాపు సైరను కూస్తుంది. "అదిగో సైరను, అదిగో!" అంటూ ఒకరు పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళతారు. పిల్ల ఆ కూతకి నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తుంటే తల్లి పెరటి తలుపులోంచి జారుకుంటుంది. అందరూ చేసేదే నేనూ చేశాను.

రెండు వారాలు బాగానే గడిచాయి అనుకున్నాను. తర్వాత సైరను వినబడగానే పిల్ల కెవ్వుమని నా మెడ పట్టుకునేది. స్నానానికి వెళ్ళినా తలుపు బయట కూర్చుని ఏడుపే. మూడో వారం ఒక సాయంత్రం నేనొచ్చి చేతులు చాపితే, నన్ను చూసి, మొహం తిప్పుకుని మా అత్త భుజంలో దాచేసుకుంది.

అప్పటిదాకా మొగుడు పోయినా ఆఫీసుకెళ్ళి కాగితాలు సర్దుకున్న దాన్ని, ఆ సాయంత్రం వంటింట్లో కూలబడి గొంతెత్తి ఏడ్చాను. "ఓలమ్మా, నా పిల్ల నన్ను మరిసిపోనాది!" ఉద్యోగం మానేస్తే తిండి లేదు, చేస్తే పిల్ల లేదు. ఏం చెయ్యను?

నా ఏడుపు విని టీచరమ్మ వచ్చారు. పీట లాక్కుని కూర్చున్నారు.

"మరిసిపోతే మొహం తిప్పుకోదే. ముక్కూ మొహం తెలీనోళ్ళని పిల్లలు తేరిపార సూస్తారు. నిన్ను తెలుసు గనకే తిప్పుకుంది. మళ్ళా నమ్మడానికి బయపడతంది."

"నేనేటి సేసినానండీ?"

"దొంగలాగ ఎల్లినావు."

నాకు ఒళ్ళు మండింది. ఏడిపించకూడదనే కదా అలా వెళ్ళింది! అదే అన్నాను. ఆవిడ కోప్పడలేదు. వెనకటి పండితులు పాలిచ్చే తల్లికే బిడ్డ అంటుకుంటుందని అనుకునేవారనీ, తర్వాతివాళ్ళు చూస్తే సంగతి పాలతో తేలేది కాదని తెలిసిందనీ చెప్పారు. "పాలిచ్చినోళ్ళని కాదే, పిలిస్తే పలికినోళ్ళని పట్టుకుంటాది పిల్ల. నువ్వేమో అది పిలవకముందే మాయమైపోతన్నావు. ఇంక అది నిన్ను సూపుల్తో కాపలా కాయక ఏటి సేస్తాది?"

తల్లీబిడ్డల్ని బొమ్మలున్న గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి చేసే ఒక పరీక్ష గురించి కూడా చెప్పారు. "అందరూ తల్లి ఎల్లినప్పుడు పిల్ల ఎంత ఏడిసిందో సూస్తారు. సూడాల్సింది అది కాదు. తల్లి తిరిగొచ్చినాక ఏటి సేసిందో సూడాలి. తల్లంటే లోకోషెడ్డే. షెడ్డుందని తెలిసిన ఇంజనే దూరం ఎల్తాది. రేపట్నుంచి సెప్పి ఎల్లు. ఏడిస్తే ఏడవనీ. ఠీక్ హై?"

ఠీక్ లేదు. మర్నాడు పిల్ల ఎదురుగా నిలబడి, "అమ్మ డ్యూటీకి ఎల్లొస్తాదమ్మా," అన్నాను. ఆ ఏడుపు లైను మలుపు దాకా నా వెనకే వచ్చింది. "సదువుకున్నోళ్ళకి గుండె ఉండదేటి?" అని మా అత్త టీచరమ్మని మొహం మీదే అడిగేసిందట. ఆవిడ పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను వెనక్కి తిరిగితే ఊచల్లోంచి పిల్ల చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఎల్లిరా. మేమిక్కడే ఉంటాం," అన్నారు. ఆ రోజు నుంచి రోజూ అదే వేళకి వచ్చి, పిల్లని ఎత్తుకుని, అదే మాట అనేవారు. వానలో గొడుగేసుకుని వచ్చారు. జ్వరంతో కూడా వచ్చారు.

నెలన్నర పట్టింది. ఒక సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల దేక్కుంటూ వచ్చి, నా కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నిలబడి ఏడ్చింది. ఎత్తుకున్నాను. ఏడుపు ఆగింది. కాసేపటికి నా చంకలోంచి జారి దిగి, గరిటె కోసం వంటింట్లోకి దేక్కుంటూ పోయింది. సగం దూరంలో ఆగి నన్నొకసారి చూసుకుని, మళ్ళీ సాగింది. ఆ పూట మా ఇంట్లోనే ఉన్న టీచరమ్మ చప్పట్లు కొట్టారు. "అదిగో, ఇంజను బయల్దేరింది!" నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే విదిలించుకున్నారు. "నా కాళ్ళెందుకే, పిల్ల కోసం ఎల్లు."

ఒకసారి ఉండబట్టలేక, ఇంత తెలిసినవారు మీ అబ్బాయిని ఎంత బాగా పెంచారో అన్నాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేశారు.

"గడియారం సూసి పెంచినానే. ఎత్తుకుంటే పాడైపోతాడని నేను సదివిన పుస్తకాల్లో ఉండీది. ఏడిసి ఏడిసి ఊరుకునీవోడు. బుద్ధిమంతుడనుకున్నాను."

కొత్త సంగతులు చదివాక ఆవిడ క్లాసులో నిలబడి, పోయినేడు నేను చెప్పింది తప్పు, నోట్సులో ఆ పేజీ కొట్టేయండి అన్నారట. అంతటితో ఊరుకోలేదు. చిరునామా దొరికిన పాత విద్యార్థులందరికీ కార్డులు రాశారు. "ఏడ్చే పిల్లని ఎత్తుకోండి. నేను తప్పు చెప్పాను," అని అంతే. తను చెప్పింది తప్పని ఊరూరికీ కార్డు రాసిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. పుస్తకం పేరు చెప్పి తల్లుల్ని బెదిరించకూడదని మాత్రం గట్టిగా అనేవారు. "ఒక్క వారంలో పిల్ల బతుకు తేలిపోదే. తప్పు జరిగితే దిద్దుకుంటాం, మళ్ళా నమ్మిస్తాం."

మా అమ్మాయికిప్పుడు ఇరవయ్యేళ్ళు. విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. కబురు తెలిసి గురువారం వచ్చింది. ఇద్దరం ఆ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చున్నాం. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కదా. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, మాట్లాడకుండా చెప్పులేసుకుని పోతున్నారు. మేమూ అలాగే లేచాం. గేటు దాటాక పిల్ల ఆగిపోయింది. నేను చెయ్యి పట్టి లాగాను.

"సెప్పకుండా ఎలా ఎల్తామమ్మా?" అంది.

"తప్పే, సెప్పకూడదు."

నా మాట వింటేనా! కిటికీకేసి తిరిగి, లోపల అందరికీ వినబడేలా అంది: "టీచర్ మామ్మా, ఎల్లొస్తాను."

ఎవరో ఒకరు తిడతారని తల దించుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఆవిడ కొడుకు, గడియారం చూసి పెంచిన ఆ కొడుకు, యాభై దాటిన మనిషి, కిటికీ దగ్గరికొచ్చి ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టాడు.

"ఎల్లిరా అమ్మా," అన్నాడు. "మేమిక్కడే ఉంటాం."

లైను మలుపు దగ్గర మా అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. నేనూ చూశాను. ఆ చెయ్యి ఇంకా కిటికీలోంచి ఊగుతూనే ఉంది.