కలలడిగే డాక్టరుగారు

ఆ ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారికి ఒకటే పిచ్చి. రోగి ఎవరైనా, జబ్బు ఏదైనా, నాడి పట్టుకునే ముందు "రాత్రి ఏం కలొచ్చింది?" అని అడిగి తీరాలి. కాలు విరిగినవాణ్ణీ అడుగుతారు, కడుపునొప్పితో మెలికలు తిరిగేవాణ్ణీ అడుగుతారు. మత్తు దిగి అప్పుడే కళ్లు తెరిచినవాడు దొరికితే మరీ సంబరం.

చిన్న డాక్టరమ్మకు మొదటిరోజే తల తిరిగిపోయింది. పట్టా చేతికి రాగానే ఈ పరాయి దేశంలో ఉద్యోగానికి దిగిన పిల్ల. వైద్యం బాగా వచ్చు. ఇక్కడి భాష మాత్రం పుస్తకాల్లో చదువుకున్నంతే వచ్చు. రోగులు నోరు తెరిస్తే కుళాయి తిప్పినట్టుండేది, ఒక్క ముక్క చేతికి చిక్కేది కాదు. మూడు నెలల్లో మాట పరీక్ష ఉంది. ఇద్దరు పరీక్షకుల ఎదుట, ముక్కూ మొహం తెలియని రోగిని ఆ భాషలోనే ప్రశ్నించి జబ్బేమిటో తేల్చాలి. తప్పితే పెట్టె సర్దుకోవడమే. పెద్దాయన తెలుగువాడు కదా, ఒడ్డున పడేస్తాడులే అని కొండంత ఆశతో వచ్చి చేరితే ఈ కలల గోల!

"సార్, ఇది మనం చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు కదండీ" అంది ధైర్యం చేసి, తెలుగులో.

"పుస్తకాలకు కలలు రావమ్మాయ్" అని ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

పొద్దున్నే తెల్లటి తెరల్లోంచి పల్చటి వెలుగు మంచాల మీద పడేది. రోగులు సగం నిద్రలో, ఒక్కో మాటా వెతుక్కుంటూ కలలు చెప్పేవారు. ఒకావిడ ఇంటి మెట్లు దిగుతూ ఉంటే నది వచ్చిందట, నదిలోనూ మెట్లున్నాయట. కాలికి కట్టుతో పడుకున్న బస్సు డ్రైవరైతే బస్సును చంకలో పెట్టుకుని మబ్బుల్లో నడిచాడు.

"బరువుగా లేదూ?" అన్నారు డాక్టరుగారు.

"దూదిలా ఉందండీ. కాకపోతే లోపల జనం ఒకటే అరుపులు."

"అరవరూ మరి! ఇంతకీ ఏ చంక?"

"ఎడమ చంకండీ."

చిన్న డాక్టరమ్మ ఒళ్లు మరిచి వినేది. ఆ మబ్బుల్లో తనూ నాలుగడుగులు వేసి వచ్చినట్టుండేది.

రానురాను వార్డులో పోటీ ముదిరింది. కల రానివాడొకడు పక్క మంచంవాడికి నారింజపండు ఇచ్చి కల తీసుకున్నాడు. డాక్టరుగారు సగం విని, "ఇది నిన్న కిటికీ పక్క మంచం దగ్గర విన్నానయ్యా. సొంతది చెప్పు" అన్నారు. మేనేజరు లబలబలాడుతూ వచ్చి, "మంచాలు ఖాళీ చేయించాలి సార్!" అంటే, "కల సగంలో ఉందండీ. సగం కలతో మనిషిని ఇంటికెలా పంపను?" అని ఎదురడిగారు.

పరీక్ష దగ్గరపడింది. "సార్, నాకు భయంగా ఉంది. నాలుగు ప్రశ్నలైనా నేర్పండి" అంది అమ్మాయి, ఏడుపు గొంతుతో.

"భయం కల్లోకి కూడా వచ్చిందా?" అన్నారాయన. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

పరీక్షలో ఆమె ఎదుట పడింది ఒక ముసలి వడ్రంగి. మనిషి చేతులు కట్టుకుని బిగదీసుకు కూర్చున్నాడు. నొప్పి ఉందా అంటే లేదు. ఆయాసమా అంటే వయసన్నాడు. పరీక్షకులు గడియారం వైపు చూస్తున్నారు. అమ్మాయికి ఏం అడగాలో తోచక, అలవాటుగా విన్న మాట నోట్లోంచి జారిపోయింది.

"తాతగారూ, రాత్రి ఏం కలొచ్చింది?"

ముసలాయన చేతులు విప్పాడు. "నీళ్ల కింద ఉన్నానమ్మా. పైన వెలుగు కనిపిస్తోంది, ఊపిరి అందదు. లేచి కూర్చుంటే గానీ ఆడలేదు."

"రోజూ ఇంతేనా?"

"పడుకుంటే ఇంతే. మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటాను."

"సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా?"

"నీకెలా తెలుసమ్మా?"

గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని ఆమె చెప్పింది. పరీక్షకులు తలలూపారు.

మర్నాడు వార్డులో డాక్టరుగారు తిన్నగా బస్సు డ్రైవరు నాడి పట్టుకున్నారు. వార్డంతా నివ్వెరపోయింది.

"అదేంటండీ! ఇవాళ రైలును మోశాను, అడగరా?"

"ఇక ఆ అవసరం తీరిందయ్యా."

అమ్మాయి పెద్ద నర్సును పక్కకు లాగింది. నర్సు నవ్వి ఆ దేశపు భాషలో గడగడా చెప్పేసింది. "మీరు రాకముందు ఈ కలల ఊసే లేదమ్మా. సారు గాలివానలా వచ్చి చూసి వెళ్లేవారు. కల చెప్పేటప్పుడు ఎంతటి వాగుడుకాయైనా నెమ్మదిస్తాడు, చిన్న చిన్న మాటలే వాడతాడు, మీ చెవికి అలవాటవుతుంది అన్నారు. చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని మా నోరు కట్టేశారు."

ఆ గడగడలో ఒక్క ముక్క కూడా జారిపోలేదని అప్పుడు తెలిసింది అమ్మాయికి. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లి, వార్డంతా వినేలా అక్కడి భాషలోనే అడిగింది.

"సార్, నా పరీక్ష ముందు రోజు రాత్రి మీకేం కలొచ్చింది?"

ఆయన తలుపు వైపు చూశారు. దారి లేదు, నర్సు అడ్డంగా నిలబడింది.

"నీ పరీక్ష నేను రాస్తున్నాను. ఒక్క మాటా రావడం లేదు."

"తర్వాత?" అన్నాడు డ్రైవరు.

"తర్వాతేముంది, తప్పాను. లేచేసరికి చొక్కా తడిసిపోయింది."

మంచాలన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. చిన్న డాక్టరమ్మ నవ్వుతూ కుర్చీ లాగి వేసింది.

"కూర్చోండి సార్. చెయ్యి ఇటివ్వండి, నాడి చూస్తాను."