సులోచన గారి మీటర్‌ను అద్దాల బీరువాలో పెట్టనివ్వను

మా కళాశాల రసాయనశాస్త్ర విభాగాధ్యక్షురాలు శ్రీమతి గ్రేస్ సులోచన గారు మొన్న ప్రభువునందు నిద్రించారు. మారేడ్‌పల్లిలోని వారింటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ప్రయోగశాల తాళం తీస్తున్నాను. నేను ఆమె శిష్యురాలిని, తరువాత సహోద్యోగిని. శోకతప్త హృదయంతో రాయవలసిన ఈ నాలుగు మాటలూ కోపంతో రాస్తున్నాను. పాఠకులు మన్నించనక్కరలేదు.

సంతాప సభలో వక్తలందరూ ఆమెను మృదుభాషిణి అన్నారు. ఎవరి గురించి చెబుతున్నారో నాకు అర్థం కాలేదు. ద్రావణాల ఆమ్లగుణాన్ని కొలిచే, చేతిలో ఇమిడే మా పీహెచ్ మీటర్ కొసన ఉన్న గాజు బుడగను ఎవరైనా చీరకొంగుతో రుద్దితే ఆమె కేక వరండా చివరిదాకా వినపడేది. దాన్ని మెత్తటి కాగితంతో అద్దాలే తప్ప తుడవరాదు. మీటర్‌ను సరిచూడటానికి వాడిన బఫర్ ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయరాదు. పని కాగానే మూతలో కాస్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోసి బిగించాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచడం కూడా నేరమే. "ఎండిపోతే అది అబద్ధం చెబుతుందమ్మాయ్. తప్పు దానిది కాదు, ఎండబెట్టినవాళ్ళది" అనేవారు.

ఒకసారి ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ గారు, మీటర్‌ను నిన్ననే సరిచూశారు కదా, మళ్ళీ ఎందుకని తొందరపెట్టారు. "నిన్న భోంచేశారని ఇవాళ మానేశారా సార్?" అని అడిగి, ముందు పీహెచ్ ఏడు ఉన్న బఫర్‌లో, తరువాత నాలుగు ఉన్నదానిలో తాపీగా కాలిబ్రేట్ చేసి, అప్పుడే విద్యార్థినులను లోపలికి పిలిచారు. తప్పుడు రీడింగు వల్ల పిల్లల మార్కులు పోవడం ఆమె సహించలేరు. ఎగ్జామినర్ గారు ముఖం మాడ్చుకుని కూర్చున్నారు.

అటువంటి నిష్ఠాగరిష్ఠురాలికి మావాళ్ళు చేసిన సత్కారం వినండి. ఫోటోకు దండ వేసి, దాని ముందు ఆ మీటర్‌ను మూత తీసి గులాబీ రేకుల మధ్య పడుకోబెట్టారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఉపన్యాసాలు ఎంతకీ తెమలవు. నేను లేచి వెళ్ళి మూత ఏదని అడిగితే కళాశాల కమిటీ కార్యదర్శి అడ్డుపడ్డాడు.

"జెరసేపు ఉండనియ్‌రి మేడమ్. మషీనే గద, ఏమైతది? రేపు ప్రిన్సిపాల్ రూముల అద్దాల బీరువాల పెడ్తం, ఆమె పేరు సుత రాయిస్తం."

ఆమె బతికుండగా బఫర్ సీసాలు అడిగితే కొనివ్వడానికి చేతులు రాని మనిషి ఇతను! మా ప్రయోగశాలలో పనిచేసే మీటర్ అదొక్కటే. పరీక్షలు నెత్తిమీదున్నాయి. బీరువాలో దాన్ని ఎవరు తడిగా ఉంచుతారు? పిల్లలు దేనితో రీడింగులు తీస్తారు?

రేకులు దులిపి మీటర్ తీసుకుని వచ్చేశాను. వెంటనే ద్రావణంలో నానబెట్టాను. మర్నాడు ఏడు బఫర్‌లో అంకె చాలాసేపు ఊగిసలాడి చివరికి నిలబడింది. ఇప్పుడు మీటర్ అప్పగించకపోతే మెమో ఇస్తామంటున్నారు. ఇవ్వనివ్వండి.

మీవంటి వారు మాకు మళ్ళీ దొరకరు మేడమ్. మీ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదు. దాని పక్కనే నిలబడతాను. పరీక్షలయ్యేదాకా ఆ మీటర్ ఎవరడిగినా ఇవ్వను. అయ్యాక కూడా ఇవ్వను.