తోమేసిన మచిలీపట్నం రూపాయి

పారశీక లిపి ఉన్న పాత వెండి నాణేలు పోగుచెయ్యడం నాకు ఏళ్ళ తరబడి పట్టిన పిచ్చి. ఇరాన్ షాల కాలం నాటివి, బుఖారా వైపు నుంచి వచ్చినవి, మొగలు పాదుషాల పేరిట కొట్టినవి, నిజాం రూపాయలు, అన్నీ కలిసి ఒక ఇనప్పెట్టె నిండింది. మా ఆవిడ వాటిని "మీ చదవరాని బిళ్ళలు" అంటుంది. ఆ మాట పడలేకే ఆ లిపి కొంత నేర్చుకున్నాను. ఇంత పోగుచేసినా నాకు దొరకనిది ఒకటుంది: మచిలీపట్నం టంకశాల పేరు పూర్తిగా పడిన మొగలు రూపాయి. అప్పట్లో అచ్చు పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. అందుకని ఊరి పేరు చాలావరకు అంచు అవతలికి పోయేది. సగం పేరున్నవి నా దగ్గరున్నాయి. మన తెలుగు ఊరి పేరు ఆ దూరదేశపు అక్షరాల్లో నిండుగా ఒక్కసారి చూడాలని నా యావ.

కిందటి నెల సత్యవతి టీచరు ఫోన్‌లో ఒక ఫొటో పంపింది. ఆవిడ విజయనగరంలో నాతో ఒకే బళ్ళో పనిచేసి, ఇప్పుడు ముంచింగిపుట్టు మండలంలో చేస్తోంది. మసిపట్టినట్టు నల్లగా ఉన్న రూపాయి, పైన అతికించిన కొక్కెం. ఏజెన్సీలో ఆడవాళ్ళు మెడలో వేసుకునే రూపాయల దండలోది. ఫొటో పెద్దది చేసి చూస్తే ఊరి పేరు మొదటి నుంచి చివరి దాకా ఉంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. దండ మర్తమ్మ అనే ఆవిడది, కానీ మెళ్ళో వేసుకున్నది ఆవిడ కూతురు రాహేలు. ఆ పిల్ల రెండేళ్ళ కిందట జ్వరంతో పోయింది. అప్పట్నుంచి దండ కుండలో పడి ఉండి నల్లబడింది. పిల్ల సమాధి మీద చెక్క సిలువ తప్ప ఏమీ లేదట. దాని మీద రంగుతో రాసిన పేరు ఏ యేటికాయేడు వానకి కొట్టుకుపోతోంది. రాయి మీద పేరు చెక్కించి పెట్టాలని తల్లి ఆశ. అందుకే రూపాయి అమ్ముతానంది. టీచరు ఆవిడ చేత ఫోన్‌లో మాట్లాడించింది. నేను చెప్పిన ధరకి రాయి వస్తుంది, చెక్కినందుకు, కొండ మీదికి మోసినందుకు కూలీ కూడా వస్తుంది. శనివారం వస్తానని మాటిచ్చాను.

తెల్లవారుజామున విజయనగరంలో రైలెక్కి కొత్తవలసలో దిగి, విశాఖ నుంచి వచ్చే కిరండూల్ పాసింజర్ పట్టుకున్నాను. అరకు దాకా టికెట్టు వంద రూపాయలు కూడా కాదు. కుడిచేతి వైపు కిటికీ దొరికితే లోయలు బాగా కనిపిస్తాయంటారు గానీ నాకు కనిపించింది మంచూ, గాజు మీద కారే నీళ్ళూను. బంగాళాఖాతంలో అల్పపీడనమట, ముసురు పట్టింది. వలిసె పూలు చూద్దామని బయల్దేరిన కుర్రకారంతా నీరసపడి సొరంగాలొచ్చినప్పుడు కూడా కేకలెయ్యడం మానేశారు. అరకులో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషను బయట పూల చేలన్నీ వానకి నేలమీద పడుకుని ఉన్నాయి.

ముంచింగిపుట్టుకి పాడేరు నుంచి బస్సులున్నాయి. వేళకి వస్తాయన్న నమ్మకం లేక జీపు మాట్లాడుకున్నాను. రానూపోనూ మూడు వేలు. డ్రైవరు అప్పలనాయుడిది శృంగవరపుకోట. "ఈ ముసురులో అటేపు ఏటుందని బాబూ ఎల్తన్నారు?" అని అడిగాడు. పాత రూపాయి కోసమని చెబితే నా వైపు ఒకసారి, రోడ్డు వైపు ఒకసారి చూసి, పెద్దగా నిట్టూర్చి గేరు వేశాడు. డుంబ్రిగుడ దాటాక మలుపులు మొదలయ్యాయి. పెదబయలులో ఒక పాక హోటల్లో అన్నం, పప్పు, ఎండుచేపల పులుసు తిన్నాం, మనిషికి వంద. వడ్డించిన ఆవిడ వానకి ఈ వారం సంత సరిగ్గా సాగలేదని, జనం దిగలేదని చెప్పుకుని బాధపడింది. అక్కణ్ణుంచి ఫోన్‌కి సిగ్నల్ లేదు. దారంతా నేను ఆ నాణేన్ని ఇనప్పెట్టెలో ఏ అరలో పెట్టాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. దాని వెనక చనిపోయిన పిల్ల ఉందన్న సంగతి నాకు సరిగ్గా తట్టనేలేదు.

తారు రోడ్డు అయిపోయిన చోట జీపు ఆపి, టీచరు చెప్పిన గుర్తులు పట్టుకుని కొండ మీదికి అరగంట నడిచాం. మర్తమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో, సన్నటి మనిషి. మమ్మల్ని లోపలికి పిలిచి, పొయ్యి పక్కన పీటలు వేసి, బెల్లం కాఫీ ఇచ్చింది. తర్వాత పెట్టెలోంచి ఒక గుడ్డ తీసి నా ముందు విప్పింది. మూట మధ్యలో రూపాయి అద్దంలా మెరుస్తోంది. కొక్కెం లేదు. చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టాను. ఊరి పేరు లేదు. పాదుషా పేరు లేదు. రెండు వైపులా ఏవో గీతల జాడలు మాత్రం ఉన్నాయి.

నా మొహం నన్ను పట్టించేసింది. ఆవిడ నా ఎదురుగా కింద కూచుని, "నానేటైనా తప్పు సేసేనా బాబూ?" అంది.

ఏం చేసిందో అడిగాను. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉందట. పోయినవాళ్ళ ఒంటి మీది సొమ్ము పరాయి చేతికి ఇవ్వాల్సి వస్తే అలాగే ఇవ్వకూడదు. చర్చికి వెళ్తున్నా ఆ పద్ధతి మాత్రం వదల్లేదు. "సచ్చిపోయిన గుంట మెళ్ళోది. ఆ మైలతో ఇత్తే మీ ఇంటికి కీడొత్తాది. మీకూ పిల్లలుంటారు కదా," అంది. అందుకని నిప్పుల్లో వేసి, చింతపండూ ఇసుకా పెట్టి పొద్దంతా తోమింది. అప్పటికీ నలుపు పూర్తిగా పోలేదని సంతకి తీసుకెళ్ళి కంసాలి చేత కొక్కెం తీయించి, అరగదీయించి, మెరుగు పెట్టించింది. నా పిల్లల కోసం అంత కష్టపడిందని వింటుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గూ వేసింది, ఎందుకంటే ఏడుపులో సగం నాణెం కోసమే.

దాచి లాభం లేదని, నాకు కావలసింది దాని మీది అక్షరాలేనని చెప్పాను. ఒప్పుకున్న డబ్బు మాత్రం మొత్తం ఇస్తానన్నాను. ఆవిడ పొయ్యిలో కట్టె ముందుకి తోసింది.

"ఇప్పుడు దాని కరీదెంత?"

వెండి ఖరీదేనన్నాను.

"మరి మిగతాది ఏటికిత్తన్నారు?"

పిల్ల కోసం అనుకోమన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆవిడ రూపాయి నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ గుడ్డలో కట్టేసింది. "రాయి దాని సొమ్ముతోనే రావాల బాబూ. జాలిపడి ఇచ్చిన డబ్బులతో నా గుంట పేరు సెక్కించను," అంది. కోపంగా అనలేదు, గొంతు పెంచలేదు. అప్పలనాయుడు మెల్లగా నచ్చజెప్పబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, అంతే.

సెలవు తీసుకోబోతుంటే ఆవిడ చూరు కింద నుంచి చిన్న రంగు డబ్బా, కుంచె తెచ్చింది. ఏటా పేరు రాసి పెట్టే పాస్టరు గారు ఈమధ్యే వేరే ఊరికి వెళ్ళిపోయారట. నాకు చదువొచ్చు కదా, పోయే ముందు రాసి పెట్టమంది. ఇంటి వెనక గట్టు మీద సమాధి. సిలువ చెక్క నానిపోయి నల్లగా ఉంది. ఆవిడ కొంగుతో తడి తుడిచింది, అప్పలనాయుడు గొడుగు పట్టాడు, నేను బురదలో మోకాళ్ళ మీద కూచుని రాశాను. తడి చెక్క మీద రంగు నిలవదు. రాస్తుండగానే కిందికి జారుతోంది. ఆవిడకి చదవడం రాదు, అయినా ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో చూపించి ఇదేటి, ఇదేటి అని అడిగింది. రా, హే, లు అని చెప్పాను. ఆవిడ నా వెనకే పలికింది. ఎన్నాళ్ళుంటుందని అడగలేదు.

తిరుగు దారిలో అరకు పోకుండా అదే జీపులో పాడేరు వైపు దిగిపోయి, అక్కడ రాత్రి బస్సు పట్టుకుని విశాఖ మీదుగా ఇల్లు చేరాను. మనసేం బాగోలేదు. పాత నాణేల కోసం తిరిగేవాళ్ళం మనం వాటిని మ్యూజియం వస్తువుల్లా చూస్తాం. ఆ కొండల్లో అవి ఇంకా మనుషుల మెడల్లో ఉన్నాయి, వాటికి మైల ఉంది, శుద్ధి ఉంది. ఆ సంగతి తెలుసుకోకుండా ధర మాట్లాడే హక్కు నాకెక్కడిదో ఇప్పటికీ తెలియడం లేదు. మీలో ఎవరైనా అటు వెళ్ళేటట్టయితే ఒకటే సలహా: ఫొటో చూసిన వెంటనే, ధర కంటే ముందు, ఆ నాణేన్ని కడగొద్దని, తోమొద్దని, ఎలా ఉన్నది అలాగే ఉంచమని చెప్పండి. ఎందుకో కూడా ఓపిగ్గా చెప్పండి. వాళ్ళకి పద్ధతి ఏదైనా ఉంటే, మీరు వెళ్ళాక మీ ఎదుటే ఎలా జరుపుకోవచ్చో వాళ్ళనే అడగండి. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఈపాటికి రాహేలుకి రాయి ఉండేది.