పేజీ తిరిగొచ్చేలోపు

2006 జనవరిలో నేను వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో ఒక సంస్థకు టెస్ట్ లీడ్‌గా ఉన్నాను. కిడ్నీలు పనిచేయని రోగులను వ్యాన్లలో డయాలసిస్ కేంద్రాలకు చేర్చడం ఆ సంస్థ వ్యాపారం. ప్రోగ్రామర్లు తయారుచేసిన పేజీలను నానా రకాలుగా వేధించి, తప్పులు పట్టుకుని, చివరికి ‘వాడుకోవచ్చు’ అని సంతకం పెట్టడం నా పని. మేనేజర్ గ్రెగ్ నాకు పై అధికారే గాని, ఆ సంతకం దగ్గర మాత్రం నా మాటే చెల్లేది. అందుకే నేను మీటింగుకు వస్తున్నానంటే కొందరికి మొహం మాడిపోయేది.

ఆ రోజుల్లో వెబ్ పనివాళ్ళంతా అజాక్స్ జపం చేస్తున్నారు. అంతకుముందు తెర మీద ఏది నొక్కినా పేజీ మొత్తం మాయమై, సర్వర్ దాకా వెళ్ళి, తీరుబడిగా తిరిగొచ్చేది. కొత్త పద్ధతిలో పేజీ కదలదు, కావలసిన ముక్క మాత్రమే మారుతుంది. మా డెవలపర్ శ్రీధర్ గుంటూరువాడు, పనిమంతుడు. వ్యాన్ బుకింగ్ పేజీని ఆ పద్ధతిలో తిరగరాసి నాకు చూపించాడు.

“చూడండి రాధగారూ, రెండు లెటర్స్ టైప్ చేస్తే చాలు, పేషెంట్ నేమ్స్ కింద వచ్చేస్తాయి. క్లిక్ చేస్తే అడ్రస్ అదే ఫిల్ అయిపోద్ది. ఇంక వెయిటింగే లేదు.”

నేను ఎంత గాలించినా తప్పు దొరకలేదు. సంతకం పెట్టాను. ఫోన్లు తీసుకునే హాల్లో, గంటకు ఎన్ని కాల్స్ పూర్తయ్యాయో చూపించే తెర ఒకటి గోడకు ఉండేది. కొత్త పేజీ వచ్చాక ఆ అంకె ఎగబాకింది. గ్రెగ్ రోజూ దాని ముందు నిలబడి కాఫీ తాగేవాడు.

కొత్త పేజీ వాడకంలోకి వచ్చిన తొలి వారాల్లో డిస్పాచర్ల పక్కన కూర్చుని గమనించడం మా వృత్తిలో ఆనవాయితీ. ఫోనెత్తి బుకింగ్ తీసుకుని వ్యాన్ పంపేవాళ్ళే డిస్పాచర్లు. ఒక సోమవారం ఉదయం నేను డోనా పక్కన కూర్చున్నాను. ఆ హాల్లో ఆమే అందరికన్నా సీనియర్. అప్పుడు ఒక డయాలసిస్ కేంద్రం నుంచి నర్సు ఫోన్ చేసింది. వి. రావు అనే పేషెంట్ ఇంకా రాలేదట. మంచు తుపానువల్ల శుక్రవారం కేంద్రం మూతపడి ఆయనకు ఒక విడత ఇప్పటికే తప్పిపోయింది. ఇదీ తప్పితే ఒంట్లో చేరిన నీరు, పొటాషియం గుండెను ఆపేయవచ్చని ఆమె సూటిగా చెప్పింది.

డోనా రికార్డు తెరిచింది. వ్యాన్ వెళ్ళింది. తలుపు కొడితే ఎవరూ పలకలేదు. డ్రైవర్ ‘నో షో’ అని గుర్తుపెట్టి వెళ్ళిపోయాడు. నో షో అంటే పేషెంటే రాలేదని అర్థం. ఆ మాట పడిందంటే మా సిస్టమ్ దృష్టిలో ట్రిప్ ముగిసినట్టే, ఆ మనిషిని ఇంకెవరూ వెతకరు.

అడ్రస్ ఏమిటని అడిగాను. డోనా చదివింది. నర్సు వెంటనే అడ్డుపడింది. తమ రావు ఉండేది అక్కడ కాదంది. నేను వంగి ఆ పేర్ల వరుస చూశాను. పెట్టె ఇరుకు కాబట్టి చివరి పేరూ, మొదటి పేరులో ఒక అక్షరమూ మాత్రమే కనిపిస్తున్నాయి. వి. రావు, ఆ కిందనే మరో వి. రావు. ఒకరు వెంకటేశ్వరరావు, ఇంకొకరు విశ్వేశ్వరరావు.

డోనా అసలు రావుగారి ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తి, “యెస్ యెస్, వ్యాన్ కమింగ్, థాంక్యూ” అని పెట్టేసింది. రోజూ వెళ్ళే రిమైండర్ కాల్ అనుకున్నట్టుంది. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే జరిగింది. ఇక ఆగలేక డోనా హెడ్‌సెట్ లాక్కున్నాను.

“అమ్మా, ఫోన్ పెట్టేయకండి. వ్యాన్ ఆఫీస్ నుంచే మాట్లాడుతున్నాను.”

“అయ్యో, తెలుగువాళ్ళా! ఆయన కింద లాబీలో కూర్చున్నారమ్మా, పొద్దున్నుంచీ. వస్తుందన్నారుగా మీవాళ్ళు?”

“ఆయన ఒంట్లో ఎలా ఉందండీ?”

“కాళ్ళు బాగా వాచాయి. పడుకుంటే ఊపిరాడట్లేదని రాత్రంతా కుర్చీలోనే ఉన్నారు.”

నేనది ఇంగ్లీషులో చెప్పగానే, ఇంకో లైన్లో ఉన్న నర్సు వ్యాన్ వద్దు, అంబులెన్స్ పిలవమంది. డోనా ఆ పనిలో పడింది. ఈవిడ మాత్రం ఒప్పుకోదు.

“అంబులెన్సా? వద్దు తల్లీ. ఆయన భయపడతారు. వ్యానే పంపండి.”

“పెద్దవారు, గట్టిగా చెబుతున్నందుకు ఏమనుకోకండి. ఇప్పుడు కిందికెళ్ళి ఆయన పక్కన కూర్చోండి. ఒక్క అడుగు కూడా నడవనివ్వకండి.”

ఆ తర్వాత మాకు చేయగలిగిందేమీ లేదు. గోడమీది తెర మాత్రం అంకెలు పెంచుకుంటూనే పోతోంది. నాకు దాన్ని పగలగొట్టాలనిపించింది. మధ్యాహ్నం దాటాక ఆస్పత్రి నుంచి నర్సుకు కబురొచ్చింది. దారిలో గుండె లయ తప్పిందట, ప్రాణం నిలబెట్టారట. డయాలసిస్ మొదలైంది.

మర్నాటి మీటింగులో శ్రీధర్ ఎవరు ఎప్పుడు ఏది నొక్కారో సిస్టమ్ రాసుకునే లాగ్ తీసి చూపించాడు. డోనా మొదటి వరుస నొక్కింది, అది తప్పు వరుస. మనిషి పొరపాటు, ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందన్నాడు గ్రెగ్. నాకు రుచించలేదు. అదే డోనా పాత పేజీతో ఏళ్ళ తరబడి ఇద్దరు రావులనూ కలగలపకుండా ఎలా నెట్టుకొచ్చింది? ఆమె కాల్స్ రికార్డింగులు పాతవీ కొత్తవీ తెప్పించి, ఆమెతోనే కూర్చుని విన్నాను.

పాత కాల్స్‌లో పేరు కొట్టాక పేజీ తిరిగొచ్చేలోపు కాస్త నిశ్శబ్దం ఉండేది. ఊరుకోలేక డోనా ఏదో ఒకటి మాట్లాడేది. మంచు ఎలా పడుతోంది, ఏ వీధిలో ఉంటారు, మొన్నటి డ్రైవర్ బాగా చూసుకున్నాడా. వీధి పేరు ఆ కబుర్లలోనే దొర్లేది. పేజీ వచ్చేసరికి ఆమె చెవిలో ఒక అడ్రస్, కళ్ళముందు ఒక అడ్రస్. కొత్త కాల్స్‌లో ఆ నిశ్శబ్దమే లేదు. శుక్రవారం తప్పిన విడతకు బదులు సోమవారం వ్యాన్ కావాలని రావుగారి భార్య చేసిన కాల్ కూడా విన్నాం. భర్త పేరు పైకి చెప్పే అలవాటు ఆవిడకు లేదు. “మా రావుగారికి” అంది. మొదటి పేరు అడిగితే “వి” అని ఊరుకుంది. డోనా నొక్కింది, అడ్రస్ నిండింది, హ్యావ్ ఎ నైస్ డే.

డోనా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. తను అలా కబుర్లు చెప్పేదాన్నని తనకే తెలియదంది. కొత్త పేజీ తనకెంతో నచ్చిందని కూడా అంది.

పేర్లు పూర్తిగా కనిపించేలా పెట్టె వెడల్పు చేస్తానన్నాడు శ్రీధర్. అది చాలదన్నాను. అడ్రస్ దగ్గర పేజీ ఆగాలి, డిస్పాచర్ అవతలి మనిషి నోట వీధి పేరు విని టైప్ చేస్తేగాని ముందుకు కదలకూడదు.

“ఇంత కష్టపడి ఫాస్ట్ చేస్తే మళ్ళీ స్లో చేయమంటారేంటండీ?” అన్నాడు. అతని బాధ నిజమైనదే. గ్రెగ్ అయితే ప్రొడక్టివిటీ పడిపోతుందని తెర వైపు చెయ్యి చూపించాడు. పడిపోనివ్వండి, ఈ మార్పు చేసేదాకా ఇదివరకు పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను. మార్పు జరిగింది. తెర మీద అంకె కిందికి దిగింది, గ్రెగ్ నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు.

రిటైరయ్యేవరకూ నేను ఎక్కడ పనిచేసినా, ఏదైనా వేగం పెంచామని ఎవరొచ్చినా ఒకే ప్రశ్న వేశాను. ఇప్పుడు తీసేసిన ఆ ఆలస్యంలో ఇదివరకు మనుషులు ఏం చేస్తుండేవారు? ‘ఏమీ చేయరు, ఖాళీగా కూర్చుంటారు’ అని జవాబొస్తే సంతకం పెట్టేదాన్ని కాదు. వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, చూసొచ్చి చెప్పమనేదాన్ని.