నోములో పంచిన యాసిడు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన కుర్రవాడికి దేశమంతా తన భుజాల మీదే నడుస్తోందని ఒక నమ్మకం ఉండేది. నాకది కాస్త ముదిరింది. హనుమకొండలో బాత్రూం బండలు కడిగే యాసిడు అమ్మే కంపెనీలో సేల్స్‌మన్‌ని (అప్పట్లో మా వాడకట్టులో సగం ఇళ్లకు బాత్రూములే లేవు, అది వేరే సంగతి). ఉద్యోగం ఇంకా టెంపరరీ. అయినా మెడలో టై, చేతిలో రెక్సిన్ బ్యాగు. వరంగల్లు ఎండలో నన్ను చూసి కుక్కలు కూడా మొరగడం మాని ఆలోచనలో పడేవి.

ఆ ఏడు కంపెనీ గాజు సీసాలు మానేసి ప్లాస్టిక్‌వి తెచ్చింది. ‘పగలదు, కారదు’ అని వాటి మీద ఎర్రగా అచ్చు వేయించింది. పగలవన్న మాట నిజమే. కారడం మాత్రం వెంటనే మొదలుపెట్టాయి. కారిన చోటల్లా షాబాదు బండ బుసబుసా నురగలు కక్కేది. సీసాల్లో ఏ లోపమూ లేదు, వరంగల్లు జనానికి మూత పెట్టడం రాదని హైదరాబాదులో కూర్చున్న మా మేనేజరు కనిపెట్టాడు. తర్వాత ఎవరిదో చెయ్యి కాలింది. కేవలం ముందుజాగ్రత్త కోసం సీసాలన్నీ వెనక్కి తెమ్మని నాకు హుకుం వచ్చింది. ఒక్కటి తక్కువైనా నా నౌకరీ పర్మనెంటు కాదు.

దుకాణాల్లోవి సులువుగానే వచ్చాయి. చిక్కంతా మా ఇంట్లోనే ఉంది. కంపెనీ నాకు ఉచితంగా ఇచ్చిన పెట్టెను అటక మీద పెట్టాను. అదే సమయంలో అమ్మ నోముకుంది. మా వైపు నోముకున్నవాళ్లు ఒకే రకం వస్తువును పసుపుకుంకుమలతో ముత్తయిదువలకు వాయనం ఇవ్వాలి. ఒకావిడ దువ్వెనలు పంచింది, ఇంకొకావిడ సబ్బుపెట్టెలు పంచింది. ఎవరూ పంచనిది పంచాలని అమ్మ పట్టుదల. పంచింది. యాసిడు వాయనం పుచ్చుకున్న ఘనత మా వాడకట్టు ముత్తయిదువలకే దక్కింది.

ముందుగా స్టీలు సామాన్ల దుకాణం వాళ్లింటికి వెళ్లాను. ఆ ఇంటావిడను అందరం స్టీలత్త అనేవాళ్లం. సీసా దేవుని అర్రలో బొట్టు పెట్టించుకుని, కింది బండను తాపీగా తింటూ కూర్చుంది.

"అత్తా, అది కారుతాంది. డేంజర్. జర వాపస్ ఇయ్యి."

"వాయనం వాపస్ ఇస్తరారా? నా పసుపుకుంకుమలు వాపస్ ఇచ్చినట్టయితది. మీ మామ మంచిగుండుడు నీకు ఇష్టం లేదా?"

అన్నం తింటున్న మామ నావైపు అదోలా చూశాడు (ఆయనతో నాకే గొడవా లేదు). నేను భద్రత గురించి కంపెనీ నేర్పిన ఉపన్యాసమంతా ఇంగ్లీషుతో సహా అప్పజెప్పాను. అత్త ఓపిగ్గా విని, "గంత డేంజరయితే మీ అమ్మకు ముందుగాల్నే ఎందుకు చెప్పకపోతివి?" అంది. ఆ ప్రశ్నకు కంపెనీ జవాబు నేర్పలేదు. మిగతా ఇళ్లలోనూ ఇదే వరస. మగవాళ్ల ఆయుష్షు మీద కన్నేసినవాణ్ణి చూసినట్టు చూశారు. చివరికి జాలిపడి స్టీలత్తే దారి చెప్పింది.

"ఫికర్ చేయకు బిడ్డా. వాపస్ అయితే ఇయ్యం. మేం గూడ నోముకొని మీ అమ్మకే వాయనమిస్తం."

అన్నట్టే ఇచ్చారు. సీసాలన్నీ బొట్లతో మా ఇంటికి చేరాయి. ఇక గెలిచాననుకుని బ్యాగు తీశాను.

"వాయనం తీసుకున్నయి కంపెనీల మొగోళ్ల చేతిల ఎట్ల పెడ్తరా? మీ బాపు పానం మీదికి తెస్తవా?" అంది అమ్మ.

మర్నాడు మేనేజరు దిగాడు. వేయిస్తంభాల గుడి చూపిస్తానని భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆయన "సీసాలేవి?" అని గద్దిస్తుంటే అమ్మ చూపు ఆవిడ మీద పడింది.

"మీరు జర పక్కకు జరుగుండ్రి సారూ" అని ఆయన్ను తప్పించి, ఆవిడను పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాసింది. ఒళ్లో సీసాలు పెట్టబోతుంటే నేను "చీర, చీర!" అని అరిచాను. పట్టుచీర విలువ తెలిసిన ఇల్లాలు. భర్త భుజం మీది కోటు లాగి మడత పెట్టి ఒళ్లో వేసుకుంది. వాయనం ముగిసి నేను సీసాలను బకెట్లోకి మార్చేసరికి కోటు జల్లెడయింది. వరంగల్లు జనానికి మూత పెట్టడం రాదన్న సిద్ధాంతం ఆ తర్వాత ఆయన నోట రాలేదు. కోపం మాత్రం నా మీదికి వచ్చింది.

"యాసిడు నోముల పంచుతరా? నీ నౌకరీ ఇంతటితో..."

"ఆగుండ్రి" అందావిడ. "వాయనం తీసుకున్న ఇంటి పిల్లగాని నౌకరీ తీస్తే నా పసుపుకుంకుమలకు మంచిదేనా? పర్మనెంట్ చేయుండ్రి."

మేనేజరు తన ఆయుష్షు గురించి ఒక్క క్షణం ఆలోచించుకుని ఉంటాడు. తలూపాడు.

ఆ కంపెనీలోనే రిటైరయ్యాను. తర్వాత కూడా పేపర్లలో ప్రకటనలిచ్చి, మీటింగులు పెట్టి చాలాసార్లు సరుకు వెనక్కి రప్పించాం. ఒక్కసారీ మొత్తం రాలేదు. నా ఉద్యోగం నా సామర్థ్యంతోనే పర్మనెంటయిందని మనవలకు చెబుతుంటాను, పాపం, నమ్ముతారు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బెంగ పుట్టినప్పుడల్లా ఆమె సారును పక్కకు జరగమన్న తీరు తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను. అంత పెద్ద కంపెనీలో ఆయనకు ఆ మాట చెప్పగలిగినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.